వెనక్కి వచ్చిన ముర్రాట

నా చిన్నప్పుడు బోర్డు మీటింగు ఉన్న రోజున మా ఇంట్లో భోజనాలు ఆలస్యమయ్యేవి. మా తాతయ్య వచ్చేదాకా నాన్నమ్మ ఎవరికీ వడ్డించేది కాదు. ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చునేవాడు. బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడుపుకునే మనిషికి ఈ మునిసిపాలిటీ గొడవ ఎందుకని నాన్నమ్మ సణుగుతూనే కంచాలు పెట్టేది. ఏం చేస్తాం, వార్డు జనం గెలిపించి పంపారు. ఇప్పుడు కౌన్సిలర్ అంటున్నాం, అప్పట్లో కమిషనర్ అనేవారు. పేరు ఘనంగానే ఉంటుంది. చేసే పనల్లా, అందరూ సరే సరే అంటున్నచోట ఒక్క నిమిషం ఆగండి అనడం. ఆ ఒక్క మాట అనడానికి మనిషిలో ఎంత సత్తువ ఖర్చవుతుందో, రెండుసార్లు కౌన్సిలర్‌నయ్యాక నాకూ తెలిసివచ్చింది.

బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గర లోపలికి తిరిగితే వచ్చే తెలుగువాళ్ళ వీధి మాది. ఒక కొసన అమ్మవారి గద్దె, రెండో కొసన పల్లం. పల్లంలో ఆఖరి ఇంట్లో, మేం కింద ఇంటి అక్క అని పిలిచే ఆవిడ ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై వచ్చింది. భర్త రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ, ఇద్దరు చిన్నపిల్లలు. వాన పడితే వీధిలో మురుగంతా ఆవిడ ఇంట్లోకే వెళ్ళేది. పిల్లల్ని మంచం ఎక్కించి, తను చీర ఎగదోపుకుని గిన్నెతో నీళ్ళు ఎత్తిపోస్తూ ఉండేది. వాన వెలిశాక కూడా ఆ వాసన పోదు. అందుకని ఆవిడ గుమ్మం ఎవరూ తొక్కేవారు కాదు. పేరంటానికి పిలిస్తే తలనొప్పి అనో, చుట్టాలొచ్చారు అనో తప్పించుకునేవారు. ఆవిడ చంటిదానికి ప్రతి వానాకాలం విరేచనాలే. కిందటి వానల్లో ప్రాణం మీదికి వచ్చి ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. మళ్ళీ ఇలాగే ముంపులో ఉంటే పిల్ల దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

మా తాతయ్య అడగ్గా అడగ్గా ఆ వీధికి సిమెంటు కాలవ మంజూరైంది. పైన గద్దె దగ్గర మొదలై, అక్క ఇంటి ముందునుంచి వెళ్ళి, రోడ్డు పక్క పెద్ద కాలవలో కలవాలి. కాంట్రాక్టు, మేం మేస్త్రి తాత అని పిలిచే ఆయనకి దక్కింది. ఆయనదీ మా తాతయ్యదీ ఒకే ఊరు. కుర్రతనంలో ఒకే రైలెక్కి వచ్చి, ఒకే గదిలో వండుకు తిన్నవాళ్ళు. రోజూ సాయంత్రం మా అరుగు మీద ఇద్దరూ టీ తాగకపోతే ఆ రోజు పూర్తయినట్టే ఉండేది కాదు. మాతాపూజ ముందు రోజుకి ఆయన కాలవ పని ముగించాడు. ఇక బిల్లు బోర్డు ముందుకి వస్తుంది. పని బాగుందని ఆ వార్డు కమిషనర్ ఒక్కమాట చెబితే మిగతావాళ్ళు సరేనని చేతులెత్తుతారు. బిల్లు పాసయ్యాక ఇక ఆ కాలవ మొహం చూసే నాథుడుండడు.

మాతాపూజనాడు మా ఆడవాళ్ళు ముర్రాటలు ఎత్తుతారు. కుండలో పసుపునీళ్ళు పోసి, వేపమండలు వేసి, నెత్తిన పెట్టుకుని డప్పులతో ఊరేగింపుగా వెళ్ళి అమ్మవారి గద్దె మీద కుమ్మరించడమన్నమాట. ఎండాకాలం మొదట్లో అమ్మని చల్లబరిస్తే ఊరు చల్లగా ఉంటుందని నమ్మకం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చేటప్పుడు మూటాముల్లెతో పాటు మావాళ్ళు తెచ్చుకున్న ఆచారం అది. అంతకుముందు ఆ నీళ్ళు అక్కడే నేలలో ఇంకిపోయేవి. ఆ సంవత్సరం కొత్త కాలవలో పడి పచ్చగా పారుతుంటే అందరికీ సంబరమే. పిల్లలం నీళ్ళతో పోటీపడి కిందికి పరిగెత్తాం. అక్క ఇంటి దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ముందుకి పోలేదు. అక్కడే ఆగాయి, మెల్లగా పైకి ఉబికాయి, ఒడ్డు దాటి తిన్నగా ఆవిడ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయాయి.

వెనకాల వస్తున్న ముసలావిడ ఒకామె అది చూసి చేతులు జోడించి, అమ్మోరు ఇంటికొచ్చినాది అంది. అంతే. క్షణాల్లో వీధి వీధంతా అక్కడ పోగైంది. డప్పులవాళ్ళు గద్దె దగ్గరనుంచి కిందికి దిగారు. పక్కవీధి బెంగాలీ దీదీ శంఖం తెచ్చి ఊదింది. గుమ్మానికి పసుపు రాసేవాళ్ళు, కుంకం బొట్లు పెట్టేవాళ్ళు, కర్పూరం వెలిగించేవాళ్ళు. మేస్త్రి తాత స్వయంగా కొబ్బరికాయ కొట్టాడు. ఏనాడూ ఆ గడప తొక్కని ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి, నీళ్ళు నిలిచిన నేలమీదే మోకరిల్లి, అక్క చేత బొట్టు పెట్టించుకున్నారు. అక్క కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆవిడ అంత ఇదిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

మా తాతయ్య కూడా ఆ నీళ్ళు తల మీద చల్లుకుని దణ్ణం పెట్టుకున్నాడు. భక్తి లేని మనిషేం కాదు. కాకపోతే దణ్ణం పెట్టుకున్నాక అందరిలా వెళ్ళిపోకుండా, కాలవ ఒడ్డున గొంతుక్కూర్చుని నీళ్ళు ఎక్కడ ఆగాయో చూస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం అరుగు మీద మేస్త్రి తాత మహా హుషారుగా ఉన్నాడు. అమ్మవారే మెచ్చుకున్నాక ఇక మీ బోర్డువాళ్ళు ఏటి వంక పెడతారని నవ్వాడు. తాతయ్య టీ చల్లారిపోయింది. నాన్నమ్మ ఇంకో గ్లాసు తెచ్చినా తాగలేదు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య నాన్నమ్మతో ఒక విచిత్రమైన మాట చెప్పాడు. పండగ వంటల గంగాళాలు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, కంచాలు కడిగినవి, ఏవీ పారబోయకుండా గోలెంలో పట్టమన్నాడు. నాన్నమ్మకి అర్థం కాకపోయినా పట్టింది. ఆ కుడితిని కొట్లో పనివాళ్ళ చేత మోయించి, వీధి పై కొసన, గద్దెకి కాస్త ఇవతల కాలవలో పోయించాడు. చూసినవాళ్ళు ముసలాయనకి మతి చలించిందనుకున్నారు. ఆయన నా చెయ్యి పట్టుకుని కిందికి నడిచాడు. మా వెనకాల ఒక్కొక్కరే చేరారు. అక్క గుమ్మంలో కొత్త ముగ్గు వేసి, ముందురోజు కుంకం చెదరకుండా చుట్టూ పువ్వులు పెట్టుకుంది. మెతుకులు, అరిటాకు ముక్కలు తేలుతున్న కుడితి వచ్చి, సరిగ్గా అక్కడే ఆగి, ఉబికి, ఆ ముగ్గు మీదుగా లోపలికి వెళ్ళింది.

తాతయ్య గొంతు పెంచలేదు. "అమ్మోరు ఎంగిలి కుడితిలో రాదమ్మా. కాలవ వాలు తప్పినాది. వాన పడితే నీ ఇల్లు మళ్ళీ మునిగిపోద్ది" అన్నాడు.

మెల్లగా ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. అమ్మవారి పేరు చెప్పి పరీక్షలేమిటి, ఏం కీడు మూడుతుందో ఏమోనని కొందరు ఆడవాళ్ళు గొణుక్కున్నారు. తన కష్టం చూసి చేశాడు కదా, అక్క అయినా తాతయ్యకి దణ్ణం పెడుతుందనుకున్నాను. ఆవిడ చీపురు తెచ్చుకుని కుడితి ఊడ్చింది, ముగ్గూ పోయింది, కుంకమూ పోయింది. తల ఎత్తకుండానే, "ఒక్క దినం నా గుమ్మానికి దణ్ణం ఎట్టినారు తాతా. అదీ తీసీసినావు" అంది.

మా తాతయ్య నన్ను తీసుకుని ఇంటిదారి పట్టాడు. దారిపొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు గాని నేనున్నట్టు ఆయనకి తెలిసినట్టు లేదు. నాకైతే అక్క మీద ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాక, మంచి చేస్తే ఇలాగే మాట్లాడతారా అని అడిగాను. ఆవిడ తప్పేం లేదన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు, నా మీద కూడా విసుక్కున్నాడేమో అనుకున్నాను.

తరవాతి బోర్డు మీటింగులో జరిగింది, ఆ రాత్రి ఆయన నాన్నమ్మతో చెబుతుంటే విన్నాను. బిల్లు వచ్చింది, చేతులు లేవబోయాయి, ఈయన ఆగమన్నాడు. మీ వార్డు, మీ మనిషి, మీకే అభ్యంతరమేమిటి దాదా అని నవ్వారట. ప్రతివాళ్ళకీ తమ వార్డు బిల్లు ఒకటి వెనకాల ఉంటుంది. ఇవాళ ఒకదాన్ని తవ్వితే రేపు అన్నిటినీ తవ్వాలి. చేతులెత్తేవాళ్ళలో ఆ వీధిలో అడుగు పెట్టినవాళ్ళు ఎవరో చెప్పండి, నేను కూర్చుంటాను అన్నాడట. ఒక్కరూ చెప్పలేదు. చివరికి ఛైర్మన్ విసుగ్గా ఠీక్ హై అని, వాలు సరిచేసేదాకా బిల్లు ఆపించాడు. గెలిచి వచ్చినవాడి మొహంలా లేదు తాతయ్య మొహం. రెండు ముద్దలు తిని లేచిపోయాడు.

మర్నాటి సాయంత్రం మేస్త్రి తాత వచ్చాడు. అరుగు ఎక్కలేదు, కిందే నిలబడ్డాడు. ఆయనే ముందు అన్నాడు:

"ఆడ పాత పైపు అడ్డొచ్చినాది అన్నా. పండగ తొందర. దాన్ని తియ్యకుండా మీదనుంచి వేసీసినాను. నాను దొంగనా?"

"కాదు."

"మరి నలుగుర్లో ఎందుకన్నావు? నన్ను ఇక్కడ కూకోబెట్టి సెప్తే సెయ్యనా?"

"ఇక్కడ సెప్తే నీకూ నాకూ తెలుస్తాది తమ్ముడూ. ఆ కింద ఇంటి పిల్ల పడ్డ బాధ బోర్డుకి ఎలా తెలుస్తాది? రేపు నా కుర్సీలో ఇంకోడు కూకుంటాడు. ఆడు ఎవడి అరుగు మీద టీ తాగుతాడో?"

మేస్త్రి తాత తల ఊపాడు. ఒప్పుకున్నాడో, ఇక చాలనుకున్నాడో తెలీదు. "ఎవడో అడిగితే నాకు నొప్పి లేదు. నువ్వు అడిగినావు" అని వెళ్ళిపోయాడు. నాన్నమ్మ టీ గ్లాసులు రెండూ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

పని మాత్రం చేశాడు. కింది భాగమంతా పగలగొట్టి, పైపు తీయించి, మళ్ళీ వేశాడు. మొదటి వానకి తాతయ్య గొడుగేసుకుని వెళ్ళి చూసొచ్చాడు. నీళ్ళు అక్క ఇంటి ముందునుంచి గలగలా వెళ్ళిపోయాయి. ఆ వానాకాలం అక్క చంటిది నేల మీద ఆడుకుంది. ఆసుపత్రి మొహం చూడలేదు.

వీధిలో మాత్రం మళ్ళీ ఎవరూ ఆవిడ గుమ్మం ఎక్కలేదు. వాసన పోయినా అలవాటు పోలేదు. అది తాతయ్య కనిపెట్టాడు. ఒకరోజు నన్నూ నాన్నమ్మనీ వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, ఆకలేస్తోంది, అన్నం పెట్టమ్మా అన్నాడు. అక్క కంగారుపడిపోయింది. ఏమీ లేదు, చారూ ఎండుచేపలే ఉన్నాయంది. అవే పెట్టమన్నాడు. పీట వేయబోతే వద్దని, నేల మీదే మఠం వేసుకుని కూర్చున్నాడు. వీధి తలుపు తీసే ఉంచమన్నాడు. కమిషనరుగారు లోపల కూర్చుని తింటున్నాడని దారిన పోయేవాళ్ళు తొంగిచూశారు. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ ఒక్కసారిగా ఏడ్చేసింది. ఈసారి నవ్వలేదు, ఇంకో గరిటె చారు పోసింది. తరవాతి శుక్రవారం అక్క పిలిచిన పేరంటానికి మా నాన్నమ్మతో పాటు ఇంకో నలుగురు వెళ్ళారు.

మేస్త్రి తాత ఇంటికి కూడా తాతయ్య వెళ్ళేవాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే. ఆయన లోపలే ఉండేవాడు గాని బయటికి వచ్చేవాడు కాదు. తాతయ్య వాళ్ళ మెట్టు మీద కాసేపు కూర్చుని, వస్తానురా తమ్ముడూ అని తలుపుకి చెప్పి వచ్చేసేవాడు. ఎందుకు తాతయ్యా, ఆయన రాడు కదా అని నేను పోరేదాన్ని. అడగడం నా పని, అడిగేశాను, పోయి కూర్చోవడం కూడా ఆ పనిలోదే అనేవాడు. చాలాకాలం అలా నడిచింది. తరవాతి ఎన్నికల్లో తాతయ్య ఓడిపోయినా ఆదివారాలు మానలేదు. ఒకసారి వెళ్ళేసరికి మెట్టు పక్కన కుర్చీ వేసి ఉంది. మనిషి మాత్రం రాలేదు. ఆ రోజు తాతయ్య అందులో ఎంతసేపు కూర్చున్నాడో, ఎండెక్కి నేను వెళ్ళి పిలిస్తే గాని లేవలేదు.

ఈ వయసులో నాకు బోర్డు మీటింగంటే నీరసం వస్తోంది. నిన్న ఒక కుర్ర కౌన్సిలర్ వార్డులో వీధిదీపాల బిల్లు వచ్చింది. దీపాలు వెలుగుతున్నాయో లేదో ఎవరైనా చూసొచ్చారా అని అడిగాను. దీదీ మళ్ళీ మొదలెట్టింది అని ఎవరో గొణిగారు. బిల్లు ఆగింది. నన్ను పెద్దమ్మా పెద్దమ్మా అంటూ తిరిగే ఆ కుర్రాడు, నా మొహం చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బిల్లు ఆపినందుకు నాకు విచారం లేదు, మళ్ళీ వస్తే మళ్ళీ ఆపుతాను. కానీ ఆ పిల్లాడికి నొప్పి కలిగింది, కలిగించింది నేను. మోకాళ్ళ నొప్పులు, టోటో రిక్షా ఎక్కాలన్నా ఒకరు చెయ్యి పట్టుకోవాలి. అయినా రేపు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాలి. తలుపు తీయకపోతే బయటే కూర్చుంటాను.