ఉస్తాద్ పంచిన మూడో సంచిక

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఒకప్పుడు నల్లగొండలో మడ్‌గార్డులు లేని సైకిల్ ఉన్న పిల్లవాడికి, కారున్న ఇంటి పిల్లవాడికన్నా ఎక్కువ మర్యాద దక్కేది. ఎనభైలు ముగుస్తున్న రోజులవి. దాన్ని బీఎంఎక్స్ అనేవారు. పొట్టి చక్రాలు, లావు టైర్లు, హ్యాండిల్‌కు అడ్డంగా ఒక కడ్డీ, ఆ కడ్డీకి రంగుల స్పాంజి తొడుగు, ముందు పరుగుపందెం వాడి ఛాతీ మీద ఉన్నట్టు ఒక నంబరు పలక. (ఆ మూడక్షరాలకు అర్థమేమిటని అడిగితే "బొంబాయి మేడ్ ఎక్స్‌ట్రా" అని చెప్పిన మహానుభావుడు మా కాలేజీలో ఉండేవాడు. అది నేను కాదు. నేను దాన్ని నమ్మినవాణ్ని.) నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను, అంటే ఆ సంవత్సరంలోనే రెండేళ్లుగా ఉన్నాను. ఆరడుగుల మనిషిని. బీఎంఎక్స్ మీద కూర్చుంటే మోకాళ్లు వచ్చి మోచేతులకు తగిలేవి. అయినా ఆ సైకిలంటే నాకు పిచ్చి. ఆ పిచ్చి వల్ల నాకేమీ నష్టం రాలేదు. వచ్చిందంతా ఇంకొకరికి. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ఆ ఇంకొకరి పేరు ఊళ్లో ఎవరికీ అక్కర్లేకపోయింది, అందరికీ ఆయన ఉస్తాదే. పానగల్ పోయే తోవలో ఆయన సైకిల్ దుకాణం. వాళ్ల నాయిన నుంచి వచ్చిన పని. ఎంత వంకర తిరిగిన చక్రాన్నయినా చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, చప్పుడును బట్టి ఏ పుల్ల బిగించాలో చెప్పేవాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, తక్కువ మాటలు, నవ్వితే మాత్రం కళ్లు మూసుకుపోయేవి. బీఎంఎక్స్ మోజు మొదలవగానే, ఇక రిపేర్లు చాలు, అమ్మకం చేద్దామని దుకాణంలో సగం ఖాళీ చేసి, గోడలకు సున్నం వేయించి, హైదరాబాద్ నుంచి ఆరు సైకిళ్లు తెచ్చి దూలానికి వరుసగా వేలాడదీశాడు. సాయంత్రాలు బడి వదిలాక పిల్లలు వచ్చి తలలు పైకెత్తి నిలబడేవారు. కొన్నవాళ్లు తక్కువ, చూసినవాళ్లు ఎక్కువ. ఆయన మాత్రం "చూపు పడ్డదంటే సగం అమ్మినట్టే తమ్మీ" అనేవాడు.

నేను ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి, కోఠీ ఫుట్‌పాత్ మీద పాత విదేశీ బీఎంఎక్స్ పత్రికలు వెతికి తెచ్చేవాణ్ని. నున్నటి కాగితం, చూస్తే చేతికి అంటుకుంటుందేమోనన్నంత రంగు. ఉస్తాద్ నూనె చేతులు పాతగుడ్డకు తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసేవాడు. ఒకసారి ఒక కుర్రాడు సైకిల్‌తో సహా ఆకాశంలో ఉన్న బొమ్మను చాలాసేపు చూసి, "గీని కింద నేలేది?" అని అడిగాడు. వెతికాం. బొమ్మలో నేల లేదు. "మరి పిలగాడు దిగిండా లేదా, రాసిండ్రా చూడు" అన్నాడు. నా ఇంగ్లీషుకు అంత శక్తి లేదు. దిగాడనే చెప్పాను.

ఆ పత్రికల మత్తులోనే మనమూ ఒకటి తెద్దామన్నాను, తెలుగులో, ఎనిమిది పేజీలు. పిల్లలు చదివితే మోజు పెరుగుతుంది, మోజు పెరిగితే సైకిళ్లు కదులుతాయి. ఉస్తాద్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నువ్వు రాయి, నేను పంచుత" అన్నాడు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు మాట్లాడడమే గానీ అక్షరం రాదు. ఆ మాట ఇక్కడ చెప్పి ముందుకు పోతాను.

మా పత్రికను అచ్చువేసినాయన ఊళ్లో పెళ్లికార్డులు వేసే ప్రెస్సాయన, అందరూ శుభలేఖల సారు అనేవారు. ఆయన దగ్గర ఉన్న సీసపు అక్షరాలు "చిరంజీవి", "లక్ష్మీసౌభాగ్యవతి" లాంటి మాటలకు సరిపోయేవి గానీ బీఎంఎక్స్ అనే మాట పేజీకి ఇరవైసార్లు వస్తే సరిపోయేవి కావు. "సగం చోట్ల సైకిల్ అని రాయి బిడ్డా, నీకు పుణ్యముంటది" అని బతిమాలాడు. ముఖచిత్రం ఇంకా పెద్ద చిక్కు. ఆయన దగ్గరున్న బ్లాకుల్లో వినాయకుడు, అరటిచెట్లు, కలిపిన చేతులు ఉన్నాయి. సైకిల్ ఒక్కటే ఉంది. అది ఎన్నికల గుర్తు. నేను చూసి, సైకిల్ సైకిలే కదా అనుకుని వేయించాను. మొదటి సంచిక పట్టుకుని నేను, ఉస్తాద్ ఒక బడికి వెళితే హెడ్మాస్టరు ముఖచిత్రం చూసి, తలుపు దగ్గరగా వేసి, "ఎలక్షన్లకు ఇంక మస్తు టైమున్నది గదా, ఇప్పటి సంది ఎందుకు తిరుగుతున్నరు" అని మెల్లగా అడిగాడు. ఇది పిల్లల పత్రిక సార్ అంటే, "పిల్లలను కూడా వదుల్తలేరా" అన్నాడు. అవతలి పార్టీ అభిమాని అయిన ఒక కిరాణా యజమాని ఆరు నెలలు ఉస్తాద్‌తో మాట్లాడలేదు. ఉస్తాద్ మాత్రం నవ్వుకుని, "పోనీ, బొమ్మ మంచిగ పడ్డది" అన్నాడు.

రెండో సంచికలో "కుందేలు దుముకు" అనే విద్య గురించి రాశాను. నిలుచున్న చోటి నుంచే సైకిల్‌తో సహా ఇటుక మీదుగా దూకడం. బొమ్మలు చూసి ఊహించి రాసిన వ్యాసమది. అది చదివి పదిమంది పిల్లలు దుకాణం ముందు చేరి, చేసి చూపించమన్నారు. సంపాదకుణ్ని కదా, తప్పలేదు. ఇటుక కదలలేదు. సైకిల్ కూడా పెద్దగా కదలలేదు. నేనొక్కణ్నే ముందుకు వెళ్లాను. మోచేయి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడు ఉస్తాద్ పైజామా మడిచి, ఆ సైకిల్ లేపి, రెండుసార్లు ఊగి, ఇటుకను దాటేశాడు. మళ్లీ దాటాడు. ఇటుకను నిలువుగా పెట్టి మూడోసారి దాటాడు. పిల్లల ఈలలకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం ఆయన ముఖంలో ఉన్న వెలుగు నేను మళ్లీ చూడలేదు. చూడకపోవడానికి కారణం నేనే.

ఏడాది తిరిగేసరికి మోజు పలచబడింది. గేర్ల సైకిళ్లు వచ్చాయి. కాస్త ఉన్న ఇళ్లలో మోపెడ్లు వచ్చాయి. సాయంత్రమైతే పిల్లలు టీవీలో క్రికెట్ ముందు కూర్చుంటున్నారు. ఉస్తాద్ దూలానికి మూడు సైకిళ్లు దుమ్ముపట్టి వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడు నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక విదేశీ పత్రికలో సైకిల్ ఫ్రేముల గురించి రాసిన వ్యాసం ఆసాంతం చదవగలిగాను. అసలైన బీఎంఎక్స్‌కు వాడే గొట్టం లోహమే వేరట. తేలికట, దూకితే విరగదట. మన దగ్గర అమ్మేవి మామూలు ఇనుప గొట్టాలే, వేషం మాత్రమే బీఎంఎక్స్. ఈ సంగతి ఉమ్మడి జిల్లాలో నాకొక్కడికే తెలిసిందన్న గర్వంతో నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో సంచికలో రాసేశాను. "మనం ఎక్కుతున్నది బీఎంఎక్సేనా?" అని శీర్షిక. "స్పాంజి తొడిగినంత మాత్రాన గాడిద గుర్రం కాదు. మన పట్టణంలో దూలాలకు వేలాడుతున్నవి గాడిదలే" అని ముగింపు. పత్రికలు నిజం చెప్పాలి కదా.

మన పట్టణంలో సైకిళ్లు దూలానికి వేలాడదీసిన దుకాణం ఒక్కటే.

ఆ వ్యాసం రాసేటప్పుడు ఆయనకు తెలుగు చదవడం రాదన్న సంగతి నాకు గుర్తులేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. గుర్తుంది. బాగానే గుర్తుంది.

ఉస్తాద్ ఆ సంచిక కట్టలు సైకిల్ వెనక కట్టుకుని, ఎండలో ఊరంతా తిరిగి, గడియారం సెంటర్లో, బస్టాండులో, ఇళ్ల గుమ్మాల్లో తన చేతులతో పంచాడు. "మా తమ్ముడు రాసిండు, సదవండ్రి" అని చెప్పి మరీ ఇచ్చాడు. నాలుగో రోజున పిల్లల డాక్టరమ్మ దుకాణానికి వచ్చింది. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చినావిడ, మంచి మనిషి. ఆ మిగిలిన మూడూ తన పిల్లలకూ, మరిది కొడుక్కూ కావాలని అంతకుముందు వారమే మాట ఇచ్చి ఉంది. నేను లోపల బెంచీ మీద కూర్చుని నాలుగో సంచికకు సంపాదకీయం రాస్తున్నాను.

"ఏమీ అనుకోకండి, మాకు ఆ సైకిళ్లు వద్దండి" అంది.

"ఎందుకమ్మా? రంగు నచ్చలేదా? మారుస్త."

"రంగు కాదండీ. మీరే కదా ఈ పుస్తకం ఇచ్చారు, ఇందులో మీరే వద్దని రాశారు."

ఉస్తాద్ నవ్వాడు, ఆమె హాస్యమాడుతోందనుకుని. ఆమెకు అర్థమైంది, ఈయనకు లోపల ఏముందో తెలియదని. కాస్త ఇబ్బంది పడి, సంచిలోంచి పత్రిక తీసి, తప్పులు దిద్దే టీచరులాగా కాదు, జబ్బు సంగతి నెమ్మదిగా చెప్పే డాక్టరులాగా, చివరి నాలుగు వాక్యాలు చదివి వినిపించింది. గాడిదల దగ్గర ఆమె గొంతు తగ్గింది. పక్కనున్న టీ కొట్టులో ఇద్దరు నవ్వారు. ఉస్తాద్ ఆమెకు సలాం పెట్టి పంపించాడు. తర్వాత నా వైపు తిరగకుండానే ఒక టైరుకు గాలి కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. అది పగిలేదాకా కొడతాడేమోనని భయమేసింది. ఆపి, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"సదువు" అన్నాడు. "మొత్తం. మొదటి నుంచి."

చదివాను. మధ్యలో రెండు మాటలు మింగేశాను. గాడిదలు వచ్చేసరికి "మామూలు సైకిళ్లే" అని మార్చి చదివాను.

"డాక్టరమ్మ సదివినప్పుడు గట్ల లేదు" అన్నాడు.

ఉన్నదున్నట్టు చదివాను. ఆయన విన్నాడు. "గిది నిజమేనా?"

"నిజమే ఉస్తాద్. పుస్తకంల ఉన్నది."

"నిజమైతే మొదలు నాకు జెప్పాలె గద తమ్మీ. రోజు ఈడనే కూసుంటవు, ఈడనే చాయ్ తాగుతవు. నాకు చెప్పకపోతివి, ఊరికి చెప్తివి. అది గూడ నాతోనే చెప్పిస్తివి."

ఆయన కోప్పడి ఉంటే నేను వాదించేవాణ్ని. పత్రికా స్వేచ్ఛ గురించి నా దగ్గర ఒక మంచి పేరా సిద్ధంగా ఉండేది. ఆయన కోప్పడలేదు. లేచి వెళ్లి పగిలిన ట్యూబులున్న బుట్ట ముందు కూర్చున్నాడు. నాలుగో సంచిక రాలేదు. నేనూ మర్నాటి నుంచి ఆ తోవన పోవడం మానేశాను. (కాలేజీకి అదే దగ్గర తోవ. మూడు నెలలు చుట్టూ తిరిగి వెళ్లాను. ఆ నడక వల్లనో ఏమో ఆ ఏడు పాసయ్యాను.) మా బాపు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసేవాడు. విషయం ఆయన చెవిన పడ్డప్పుడు ఒక్కటే అన్నాడు: "రాసేటోడు ఎవలకు రాస్తున్నడో గాదు, ఎవల మీద రాస్తున్నడో చూసుకోవాలె. మాకు ఒక కొట్టివేతకు గూడ ఇద్దరు సాక్షులు కావాలె. నీకెవలున్నరు?" ఎవరూ లేరు.

దుకాణం ఆ వానాకాలం దాటలేదు. మిగిలిన సైకిళ్లు పాత ఇనుము కింద పోయాయని విన్నాను. ఉస్తాద్ చౌటుప్పల్ హైవే మీద లారీల టైర్లకు పంక్చర్లు వేస్తున్నాడని తెలిసి కూడా ఏడేళ్లు వెళ్లలేదు. నేను టీచరునై, పెళ్లి కుదిరాక, కార్డు పట్టుకుని వెళ్లాను. జుట్టు నెరిసింది, చేతులు అలాగే ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కార్డు తీసుకుని, పాతగుడ్డకు వేళ్లు తుడుచుకుని, దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. తెలుగు. వినాయకుడి కింది శ్లోకం నుంచి, మా తాతల పేర్ల దాకా, కింద మూలన ఉన్న ప్రెస్సు పేరు దాకా. ఒక లారీవాడు హారన్ కొడుతున్నా ఆగలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నవ్ ఉస్తాద్?"

"దుకాణం ఎత్తేసినంక. పనిలేదు గద. మా బిడ్డ నేర్పింది." కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఎవడేమిచ్చినా సదివినంకనే తీసుకుంట."

అప్పుడు చెప్పాను, ఏడేళ్లుగా గొంతులో ఉన్న క్షమాపణ. ఆయన చక్రం మీది నట్టు తిప్పుతూ విన్నాడు. "ఆ మూడు సైకిళ్లు అమ్ముడు పోయినా ఏం ఫరక్ పడకపోతుండె తమ్మీ. నువ్వు రాయకున్న నా దుకాణం మునుగుతుండె. గా ఫికర్ పెట్టుకోకు" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు తలెత్తి, "గానీ మునిగేటోన్ని ఊరు నవ్వకుండ మునగనియ్యాలె" అన్నాడు. పెళ్లికి రాలేదు.

విదేశాల్లోనూ ఆ మోజు తగ్గిందనీ, అక్కడి దుకాణాలూ, నేను కోఠీలో కొన్న ఆ రంగుల పత్రికలూ ఒక్కొక్కటే మూతపడ్డాయనీ ఆ తర్వాతెప్పుడో ఎక్కడో చదివాను. చదివి, మూడు సంచికల పాటు నడిచిన మా ఎనిమిది పేజీలు కూడా ఆ పెద్ద ఓటమిలో ఒక భాగమేనని కాస్త సంతోషపడ్డాను. అంత పెద్ద ఓటమి వెనక దాక్కోవడం సుఖంగానే ఉంటుంది. కానీ ఎక్కువసేపు కుదరదు, ఆరడుగుల మనిషిని, ఎక్కడ దాక్కున్నా ఏదో ఒకటి బయటికి కనిపిస్తూనే ఉంటుంది. నిజం తెలిసిన ఆనందంలో రెండు రాత్రులు నిద్రపోని ఆ కుర్రవాడు గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి చెవి పట్టుకుని కలం లాక్కోవాలనిపిస్తుంది. మరుక్షణమే, పాపం, ఎంత బాగా రాశాననుకున్నాడో అనీ అనిపిస్తుంది.