సేనాపతి కంకణం

మా చిన్నప్పుడు... చల్లపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్ స్టేజీ మీద నేను సేనాపతిని! కాటుక మీసం, అట్టకత్తి, ఎడమచేతికి గిల్టు కంకణం.

నాటకంలో రాజుగారు చివరికి ఎలాగూ పోతారు. విషాదాంతం కదా... అందరూ పోతారు. మాకు మాత్రం ఆయన పక్కనుండే ఇద్దరి మీదే మోజు. సేనాపతి ఏ మాటకైనా చేత్తోనే జవాబు చెబుతాడు. ముసలి మంత్రి దెబ్బ తిన్నాక కూడా "నాయనా" అనే పిలుస్తాడు.

మంత్రి వేషం నా స్నేహితురాలు నాగమణిది. దాని నోటికి మాస్టార్లే జడిసేవారు. నేనేమో పిలిస్తే పలకడానికీ భయపడే రకం. నాటకం వేయించే సుశీల టీచరు కావాలనే వేషాలు తిరగేశారు.

"నాకివ్వండి టీచర్ సేనాపతి, ఇది ఈగని కూడా తోలదండీ!" అని నాగమణి గొడవ.

"నువ్వు కాస్త ఊరుకోవడం నేర్చుకో. అది అరవడం నేర్చుకుంటుంది" అన్నారు టీచరు.

చెంపదెబ్బకి ఒక కిటుకుంది. కొట్టే చెయ్యి చెంప దాకా వచ్చి ఆగాలి. చప్పుడు చేయాల్సింది దెబ్బ తినేవాళ్ళు... కండువా చాటున చప్పట్లు చరుచుకోవాలి. నెల్లాళ్ళ రిహార్సల్లో నా చెయ్యి ఒక్కసారీ చెంప దాకా వెళ్ళలేదు.

వార్షికోత్సవం రోజు ముందు వరుసలో మా నాన్నగారు. లెక్కల మాస్టారు, ఊరంతా దణ్ణం పెట్టే మనిషి. ఇంట్లో మాత్రం... కొట్టే ముందు చేతి వాచీ తీసి జేబులో పెట్టుకునేవారు. తొందరేమీ ఉండేది కాదు. వాచీ చైను టక్కుమనగానే అమ్మ లేచి గోడకి ఆనుకునేది. ఒకసారి ఆవిడ పెదవి చిట్లి అన్నంలో రక్తం పడింది. మర్నాడు అందరికీ గుమ్మం తగిలిందని చెప్పింది.

సీను వచ్చింది. మంత్రి యుద్ధం వద్దన్నాడు. నేను కంకణం తీశాను... నిదానంగా నడుముకి దోపుకున్నాను. ఇది టీచరు నేర్పలేదు. ఆ తర్వాత కొట్టాను, నిజంగానే. నాగమణి కింద పడింది. అయినా ఆగలేదు, డొక్కలో తన్నాను. జనం ఒకటే ఈలలు... "ఇంకోటెయ్యి!" అని ఎవరో అరిచారు.

నాగమణి ముక్కులోంచి రక్తం కారుతోంది. అయినా "నాయనా..." అంటూ తన డైలాగు పూర్తిచేసి, నాకొక్కదానికే వినపడేలా "ఏమైందే నీకు?" అంది.

అప్పుడు నాన్నగారి వైపు చూశాను. ఆయన తల దించుకుని, వాచీని అరచేత్తో కప్పుకుని కూర్చున్నారు.

మారారా అంటే... లేదండీ. వాచీ తీయడం మాత్రం మానేశారు. అప్పట్నుంచి అమ్మ చెంప మీద ఆ చైను గీతలు కూడా పడేవి. నా వల్లే అనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న బెంజ్ సర్కిల్లో టీ తాగుతూ నాగమణికి ఇదంతా చెప్పాను.

"నాకప్పుడే తెలుసే. ఆ రోజు మీ అమ్మ నా ముక్కుకి తడిగుడ్డ పెడుతూ 'నీకూ తగిలిందా తల్లీ' అంది" అంది.

ఇప్పుడు టైము ఫోన్లోనే చూసుకుంటున్నారు, చేతికి వాచీలు తగ్గిపోయాయి. నేనైతే ఎప్పుడూ పెట్టుకోలేదు. మా అబ్బాయి మీద ఒళ్ళు మండినప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే ఎడమ మణికట్టు మీదికి పోతుంది... అక్కడేమీ దొరకదు. ఆ కాస్త సేపట్లో వాడు పారిపోతాడు.

మీ చేతులకి ఎవరి అలవాట్లు వచ్చాయి? చెప్పండి... సిగ్గుపడకండి, ముందు నేనే చెప్పానుగా.