దీపం పెట్టాక పెరుగు తోడు

హిందీవాళ్ల ఊళ్లో, గోల్‌మురి ఫ్యాక్టరీ క్వార్టర్లలో కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారి మీద నాకు గట్టి అనుమానం ఉండేది. ఇంట్లో కుండెడు పెరుగు పెట్టుకుని, పాలల్లోకి తోడు కావాలంటూ గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లేది. ఆ ఇంటాయన డ్యూటీలో ఉంటే కదిలేది కాదు. ఆయన సైకిలు దిగి లోపలికి వెళ్లాకే బయల్దేరేది. ఆవిడ తిరిగొచ్చిన కాసేపటికి వెనకింటావిడ ఉల్లిపాయ కోసమని అదే ఇంటికి వెళ్లేది. అందరూ కలిసి నా మీద చాడీలు చెప్పుకుంటున్నారనుకున్నాను. నా బుద్ధే అంత, ఎవరు గుసగుసలాడినా నా గురించే అనిపిస్తుంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నీ ఊసు ఎవులిక్కావాలే," అంది అత్త. "ఆ పక్కింటి పిల్లని మొగుడు కొడతన్నాడు. ఎవులో ఒకలు ఎల్లి తలుపు కొడితే ఆడి సెయ్యి ఆగుతాది."

ఇన్నాళ్లూ నాకు చెప్పనందుకు ఒళ్లు మండింది. ఆ రోజునుంచి నేనూ గోడకు చెవి ఆనించడం మొదలుపెట్టాను.

ఓ సాయంత్రం ఆ ఇంట్లో గిన్నెలు పడ్డ చప్పుడు, వెంటనే ఒక కేక. అత్త గిన్నె అందుకుని పరిగెత్తింది, వెనకే నేను. దేవుడి దగ్గర దీపం పెట్టాక మనవాళ్లెవరూ పెరుగు అడగరు, ఇవ్వరు. ఆ కంగారులో ఇద్దరికీ అది తట్టలేదు.

అతనిదీ మా శ్రీకాకుళం వైపే. తలుపు ఓరగా తీసి గిన్నె వంక చూశాడు.

"దీపమెట్టినాక తోడేటి పిన్నీ? అది ఇంట్లో నేదు. మాంగో పేటలో ఆళ్లప్ప కాడికెల్లింది."

ఇన్నాళ్ల గిన్నెల సంగతీ అతనికి అర్థమైపోయింది. రేపటినుంచి ఈ తలుపు ఎవరికీ తెరుచుకోదు. ఆమె చెప్పులు మాత్రం గుమ్మం పక్కనే ఉన్నాయి.

అత్తా వాటిని చూసింది. గడప మీద చతికిలబడింది.

"తోడుకి రానేదు. పిల్లని సూడ్డానికొచ్చాను. సూసే ఎల్తాను."

నేను వెనకింటి వాళ్లని కేకేశాను. ఒక్కొక్కరే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. అతను ఏదో గొణుక్కుంటూ సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె వంటింటి మూల మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది.

అత్తా నేనూ ఆమెను రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"పడ్డావా?" అన్నాడు డాక్టరు హిందీలో, తలెత్తకుండానే. అవునంటుందనే నా అనుమానం. అత్త నోరు తెరవబోతే ఆమె ఆపింది. వచ్చీరాని హిందీలో తనే చెప్పింది.

"పడలేదు. మా ఆయన విరిచేశాడు."