అమ్మ పాటకి నేను కట్టిన మాటలు

సహోదరులారా, అమ్మలారా, సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు మూడు ఆదివారాల నుంచి అడుగుతుంటే తప్పించుకు తిరిగాను, ఎందుకంటే నాది రోగం తగ్గిన సాక్ష్యం కాదు, నా నోటితో నేనే చేసుకున్న పాపం, అది ఈ మందిరంలో పెద్దవాళ్ళందరికీ తెలుసు, అప్పటి పిల్లలకైతే ఆ పాట ఇప్పటికీ నోటికి వచ్చు.

కొట్లవాళ్ళు ఆటోల్లో తిప్పే మైకు ప్రచారానికి కాసెట్లు చెయ్యడం నా పని. ఇక్కడే అవనిగడ్డ బస్టాండు వెనక చిన్న గది, బయటి చప్పుడు రాకుండా గోడలకి కొబ్బరిపీచు పట్టాలు, ఒక కీబోర్డు, ఒక మైకు, అంతే. బందరులో బట్టల కొట్లకి, గుడివాడలో చెప్పుల షాపులకి, మొవ్వలో ఎరువుల కొట్టుకి నేనే పాట కట్టి నేనే పాడేవాణ్ణి. ఆటో సందు మలుపు తిరగకముందే అది ఏ కొట్టుదో జనం చెప్పేసేవాళ్ళు. అబ్బో, ఎంత పొగరో నాకు! ఆ గొంతు ఎవరిచ్చారని ఒక్క రోజూ ఆలోచించలేదు.

అది మా అమ్మ గొంతు. నా చిన్నతనంలో దివిసీమ ఉప్పెనలో నాన్న, చెల్లి కొట్టుకుపోతే, అమ్మ నన్ను తన చీరతో తాటిచెట్టుకి కట్టేసి, నీళ్ళు తీసేదాకా ఆ చెట్టునే పట్టుకుని వేలాడింది. అక్షరం ముక్క రాని మనిషి, ఆ తర్వాత ఒక పాట కట్టుకుంది. "నీళ్ళు నన్ను ముంచిన వేళ, నీ చెయ్యే నాకు నేల." నాట్లు వేస్తూ పాడేది, మందిరంలో పాడేది, అయినవాళ్ళని పోగొట్టుకున్న వాళ్ళంతా ఏడుస్తూ అందుకునేవాళ్ళు.

నాకు అప్పటికే తాగుడు పట్టింది. కొత్తగా బారు పెట్టిన ఒకాయన, పేరుకి రెస్టారెంటు లెండి, మర్నాటికల్లా పాట కావాలన్నాడు. తాగిన బుర్రకి కొత్త బాణీ ఎక్కడ తడుతుంది? చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉన్న బాణీ ఒక్కటే వచ్చింది. "ఎండ నిన్ను కాల్చిన వేళ, మా చల్లని హాలుకు రావేల" అని మాటలు మార్చి పాడేశాను, సహోదరులారా! ఆయన ఎగిరి గంతేశాడు.

వారం తిరక్కుండా దివిసీమ అంతా అదే పాట. అమ్మ బజారు నుంచి కూరగాయలు తెచ్చుకుంటూ ఆటో మైకులో విందట. ఇంటికొచ్చి సంచి కింద పెట్టి, "ఒరే అబ్బాయ్, అది నా పాట కదరా?" అంది.

"బాణీ మీద నీ పేరేమన్నా రాసుందా అమ్మా?" అన్నాను. ఆ మాట అన్న నాలుక ఇదే.

అమ్మ సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం ఎవరో అమ్మ పాట ఎత్తుకుంటే వెనక కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వి బారు మాటలు అందుకున్నారు, అయ్యగారు పాట ఆపించేశారు. అమ్మ లేచి బయటికెళ్ళి మెట్టు మీద కూర్చుంది. ఆ రోజు నుంచి మా అమ్మ పాడలేదు. ఏ పాటా పాడలేదు!

కాసెట్టు ఆపమని బారు ఆయన దగ్గరికి వెళ్ళాను. "తమ్ముడూ, అమ్మేశాక ఇంకా నీదెట్టా అవుద్ది?" అని గ్లాసు నా ముందుకి తోశాడు. తాగాను. అమ్మ మంచం పట్టినా తాగాను. ఒక పొద్దున నేను మత్తులో ఉన్నాననుకుని అమ్మ ప్రార్థన చేసుకుంటుంటే విన్నాను: "ప్రభువా, పాట పోతే పోయింది, వీణ్ణి మాత్రం పోనివ్వకయ్యా." విని, అటు తిరిగి పడుకున్నాను.

ఆ వారంలోనే అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. సమాధి దగ్గర ఆమె పాట ఎత్తుకోవడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. కొడుకుని కదా, నేనే పాడదామని నోరు తెరిచాను. అయ్యో, ఏం చెప్పను! బారు మాటలొచ్చాయి. అమ్మ మీద మట్టి ఇంకా తడిగా ఉంది, నా నోట్లోంచి "చల్లని హాలుకు రావేల" అని వచ్చింది. అక్కడే కూలబడిపోయాను. బతకడం దేనికి అనిపించింది.

అమ్మతోపాటు ఉప్పెనలో బతికి బయటపడ్డ మరియమ్మ పెద్దమ్మ, ఇదిగో ముందు వరసలో కూర్చున్నారు, నా చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. తాగుడు ఒక్క దెబ్బకి పోయిందని చెప్తే అబద్ధమవుతుంది. ఒళ్ళంతా వణికేది, రెండుసార్లు పారిపోయాను, రెండుసార్లూ ఆమె వెతుక్కుంటూ వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి ఆమె చేసిన ప్రార్థన ఇదీ: "యేసయ్యా, వీడి తల్లి వీణ్ణి చెట్టుకి కట్టింది, నాకు అంత బలం లేదు, నువ్వే కట్టెయ్యి నాయనా." కట్టేశాడు, సహోదరులారా! ఆరేళ్ళయింది, మళ్ళీ ముట్టలేదు. దేవునికే మహిమ!

కానీ అమ్మ తిరిగి రాదు, ఆ మాటా వెనక్కి రాదు. ఆ దుఃఖాన్ని ఆయన తీసెయ్యలేదు, నన్ను మాత్రం విడిచిపెట్టలేదు. మీ నోరు చేసిన పాపం ఏదైనా సరే, తల వంచుకుని అయినా ఆయన దగ్గరికి రండి, ఆయన తోసెయ్యడు.

ఈ ఆరేళ్ళలో అమ్మ పాట నేను మళ్ళీ పాడలేదు. నోరు తెరిస్తే ఏ మాటలొస్తాయోనని ఇప్పటికీ భయమే. ఇవాళ మొదలుపెడతాను. నాకు మాటలు తప్పితే, పెద్దమ్మా, మీరందరూ అందుకోండి.

నీళ్ళు నన్ను ముంచిన వేళ...