సీట్లక్క సొంత కారు

కార్ల సీట్లు కుడుతుంది కాబట్టి ఆమె అందరికీ సీట్లక్క. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. రెగ్జిన్ కత్తిరించే అంత పెద్ద కత్తెర పట్టుకుని నిలబడ్డ మనిషిని మరోలా పిలవడానికి ధైర్యం చాలదు మరి. మనిషి పొట్టి. గొంతు మాత్రం షెడ్డు దాటి ఎదురు సందు దాకా వినిపిస్తుంది.

ఆ షెడ్డు పొడుగాటి రేకుల షెడ్డు. ఎడమ సగంలో ఆమె అన్నయ్య, కుడి సగంలో ఆమె భర్త, సరిగ్గా నడిమధ్య ఆమె కుట్టుమిషను. పైకప్పులో గాజు పలక ఉన్నది అక్కడే కాబట్టి మొదట్లో వెలుతురు కోసం మిషను అక్కడ వేసుకుంది. తరవాత్తరవాత అదే సరిహద్దు రాయి అయి కూర్చుంది. ఎందుకయిందో చెప్తాను.

అన్నయ్యకి పాత కార్లంటే ప్రాణం. తుప్పు పట్టి, అడుగున గడ్డి మొలిచి, తూకానికి పోబోయే బండిని తెచ్చి, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా నిలబెట్టాలి. అదీ ఆయన పంతం. చివరికి స్క్రూలు కూడా ఆ కాలానివే కావాలి. ఎవరైనా కొంచెం మార్చకూడదా అంటే, కంపెనీవాడు తెలివితక్కువవాడా అని మీదికొస్తాడు. భర్త దారి వేరు. షోరూము నుంచి తిన్నగా వచ్చిన బండి కూడా ఆయన కంటికి ఇంకా పని మిగిలిన బండే. స్ప్రింగులు కోసి నేలకి దించాలి, వెడల్పు టైర్లు ఎక్కించాలి, స్టీరింగు పీకి అరచేతంత చిన్నది బిగించాలి, సైలెన్సరు చప్పుడుకి పక్క వీధిలో కునుకు తీసేవాళ్ళు లేచి కూర్చోవాలి. కంపెనీవాడు అందరి కోసం చేశాడు, మన కోసం మనం చేసుకోవద్దూ అంటాడాయన.

ఇద్దరికీ తగ్గ భక్తులున్నారు. ఆదివారం ఉదయం షెడ్డు ముందున్న ఖాళీ స్థలంలో బండ్లు చేరతాయి. ఎడమవైపు కంపెనీ పార్టీ, మెత్తటి గుడ్డలతో అద్దాలు తుడుచుకుంటూ. కుడివైపు నేల పార్టీ, వచ్చేదారిలో బండి అడుగు ఎక్కడైనా గీసుకుందేమోనని వంగి చూసుకుంటూ. టీ గ్లాసులు చేతికి రాగానే మొదలవుతుంది. మీది మ్యూజియమని వీళ్ళు, మీది సర్కసని వాళ్ళు. ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీలో హారన్ బటన్ రంగు తెలుపా, మీగడ రంగా అని పూటంతా కొట్టుకున్న మహానుభావులు ఆ గుంపులో ఉన్నారు. సీట్లక్కకి ఇరువైపులవాళ్ళూ గిరాకీలే. ఎడమవాళ్ళకి పాతకాలపు గీతల గుడ్డ వెతికి తెచ్చి కుడుతుంది, కుడివాళ్ళకి నల్ల రెగ్జిన్ మీద ఎర్ర దారం వేస్తుంది. ఎవరి మాటకీ అడ్డు చెప్పదు. మిషను తొక్కుతూ అన్నీ వింటుంది.

వాదన వాదనలా ఉన్నంతకాలం బాగానే ఉంది. పచ్చ కారు దగ్గర చెడింది. ఓ పెద్దమనిషి తాత వాడిన పచ్చ కారుని అన్నయ్య వానాకాలమంతా దాని పక్కనే కూర్చుని పాత రూపానికి తెచ్చాడు. పెద్దమనిషి మురిసిపోతూ పట్టుకెళ్ళాడు. నెల తిరక్కుండా మళ్ళీ తెచ్చాడు, ఈసారి షెడ్డు కుడివైపుకి. మా అబ్బాయి కొంచెం కిందికి దించమంటున్నాడన్నాడు. భర్త దించాడు. వచ్చిన పని చేశాను, ఇందులో తప్పేముందని ఆయన వాదన. నేను పెంచిన పిల్లకి నన్నడక్కుండా జుట్టు కత్తిరించినట్టుందని అన్నయ్య బాధ. ఆ రోజు నుంచీ ఎడమొహం పెడమొహం. వరసకి ఇద్దరూ ఒకరికొకరు బావలే, అంతకుముందు దాకా బావా బావా అనుకుంటూ ఒకే కంచంలో తిన్నవాళ్ళే. ఇప్పుడు పానా కావాలన్నా సీట్లక్క మీదుగానే వెళ్ళాలి. మీ అన్నయ్యని జాకీ పంపమని ఇటునుంచి, మీ ఆయన్నే వచ్చి తీసుకోమని అటునుంచి. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి ఈ వైభోగం. కొన్నాళ్ళు మాటలు చేరవేసింది. తలప్రాణం తోకకొచ్చాక చెవుల్లో దూది పెట్టుకుని కుట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇక అసలు సంగతి. సీట్లక్కకి కారు నడపాలని ఉంది. లెక్కలేనన్ని డ్రైవరు సీట్లు కుట్టిన మనిషి. కుట్టిన ప్రతి సీటులోనూ కూర్చుని, మెత్తదనం చూసి, స్టీరింగు మీద ఓసారి చెయ్యి వేసి, దిగిపోయిన మనిషి. తాళం తిప్పి బండి కదిలించింది మాత్రం లేదు.

ఆ మధ్య బస్సు డిపోలో సీట్లు కుట్టే పని దొరికింది. డిపో మేనేజరుకి ఆమె కుట్టు తెగ నచ్చింది. ఇంకో మూడు నెలల్లో ఊరి చుట్టూ ఉన్న డిపోలన్నీ నీకే ఇస్తాను, మిషను బండిలో వేసుకుని పిలిచినప్పుడల్లా రాగలవా అన్నాడు. వస్తానని చెప్పేసింది. ఇంట్లో చెబితే అన్నయ్య, భర్త విడివిడిగా ఒకే మాటన్నారు. మేం లేమా, తీసుకెళ్ళమూ? తీసుకెళ్ళిన సంబడం ఆమెకి తెలుసు. ఒకసారి ఫోమ్ కొట్టు దగ్గర దింపి, ఇప్పుడే వస్తానని వెళ్ళిన భర్త, ఎవరి బండిదో సైలెన్సరు చప్పుడు వింటూ పెళ్ళాం సంగతే మరిచిపోయాడు. కొట్టువాడు జాలిపడి, షట్టరు దించుతూ ఆమె కోసం బయట ఓ స్టూలు వేసి వెళ్ళాడు. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడే తాడోపేడో తేల్చుకోవాలని నిశ్చయించుకుంది.

తూకానికి పోబోతున్న చిన్న తెల్ల కారొకటి కొనుక్కుంది. డ్రైవింగ్ స్కూలు పెద్దాయన పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పాడు. మొదటి పరీక్షలో వెనక్కి వస్తూ, హద్దుకి పాతిన కర్రని గుద్దేసింది. తప్పు చేతిది కాదు, ఎత్తుది. ముందు బానెట్ కనపడదు, వెనక అద్దంలో సగం ఆకాశమే. అప్పుడు తన కోసం తనే ఓ దిండు కుట్టుకుంది. ముందు పలచగా, వెనక మందంగా, నడుముకి ఆసరాగా. ఊరందరి నడుములూ ఎరిగిన మనిషి తన నడుముకి కొలత కుదరడానికి మాత్రం ఎన్నిసార్లు విప్పి కుట్టిందో. చివరికి దాని మీద కూర్చుంటే రోడ్డంతా విప్పి పరిచినట్టు కనపడింది. ఎంత సంతోషపడిందో చెప్పలేను. రెండో పరీక్షకి తేదీ వచ్చింది. ఈసారీ తప్పితే గడువు దాటిపోతుంది, డిపోల పని వేరేవాళ్ళకి పోతుంది. మేనేజరు ఆ ముక్క మర్యాదగానే అయినా కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

పరీక్షకి ముందు కొన్నాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా డిపోలోనే పని. కారు షెడ్డులో ఉంచి బస్సులో వెళ్ళొచ్చింది. అదే కొంప ముంచింది.

చెడు ఉద్దేశం ఎవరికీ లేదు, అది ఒప్పుకోవాలి. నా భార్య పరీక్షకి వెళ్తే బండి చూసి జనం ఆగిపోవాలనుకున్నాడు భర్త. చిన్న స్టీరింగు బిగించి, పోటీ కార్లలో వేసే లోతు సీటు వేశాడు. మర్నాడు అది చూసి అన్నయ్యకి కడుపు మండిపోయింది. చెల్లెలి కారుని సర్కసు చేస్తారా అనుకుని రెండూ పీకేసి, కంపెనీ స్టీరింగు, కంపెనీ సీటు పెట్టాడు. అక్కడితో ఆగాడా? ఆ మోడలుకి కంపెనీ ఒక్క అద్దమే ఇచ్చిందని రెండోవైపు అద్దం కూడా ఊడదీశాడు. భర్త పళ్ళు నూరుకున్నాడు. ఏం పెట్టినా ఈయన మళ్ళీ మార్చేస్తాడు, మార్చడానికి వీల్లేని పని చెయ్యాలని గ్యాస్ కట్టరు తెచ్చి ముందు స్ప్రింగులు కోసేశాడు. వెనకవాటి జోలికి వచ్చేలోపు అన్నయ్య వెనక చక్రం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. టీకి కూడా లేవలేదు.

ఎందులోనూ కలవని ఇద్దరూ ఒక్కదాంట్లో మాత్రం కలిశారు. ఆ దిండు ఉండకూడదు. సీటు అందం చెడగొడుతోందని భర్త దాన్ని తీసి పక్కన పడేశాడు. కంపెనీ ఇవ్వలేదు కాబట్టి అన్నయ్య దాన్ని తిరిగి పెట్టలేదు. పైగా బండి కింద పని చేసేటప్పుడు మోకాళ్ళ కింద వేసుకున్నాడు.

రేపు పొద్దున పరీక్ష అనగా సీట్లక్క డిపో పని తొందరగా ముగించుకుని మధ్యాహ్నమే షెడ్డుకొచ్చింది. కారు మూతి నేలకి ఆని, తోక పైకి లేచి, కిందపడ్డ నాణెం వెతుకుతున్నట్టు నిలబడి ఉంది. తలుపు తీసి కూర్చుంది. ఎదురుగా స్టీరింగు, దాని పైన ఆకాశం. దిండేదని అడిగింది. అన్నయ్య నూనెతో తడిసి నల్లబడ్డ దాన్ని పీట పక్కనుంచి తీసి చూపించాడు.

ఇద్దరూ కేకల కోసం సిద్ధపడి నిలబడ్డారు. ఎదురు సందు దాకా వినిపించే ఆ గొంతు ఆ రోజు కారు తలుపు కూడా దాటలేదు. స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చింది. మొగుడి మీద కోపం, అన్న మీద కోపం, చేతికొచ్చిన పని జారిపోతోందన్న దుఃఖం, అన్నీ కలిసి తన్నుకొచ్చాయి. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని అంది:

"నాకు ఎంత ఎత్తు కావాలో మీలో ఒక్కరైనా అడిగారా? ఆయనకేమో బండి సోకుగా ఉండాలి, నీకేమో పాతగా ఉండాలి అన్నయ్యా. అందులో కూర్చునేదాన్ని నేను. నాకు రోడ్డు కనపడాలి, అంతే."

భర్త వంగి తను కోసిన స్ప్రింగుల వైపు చూశాడు. అన్నయ్య నూనె దిండుని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు.

కోసిన స్ప్రింగులతో పరీక్ష మైదానం గేటు లోపలికే రానివ్వరు. ఆ మోడలు స్ప్రింగులు బజారులో ఎప్పుడో అయిపోయాయి. ఊరు మొత్తానికి మిగిలింది ఒక్క జత, అన్నయ్య బీరువాలో. సీట్లక్క కారు, ఆయన ఏళ్ళ తరబడి తన కోసం కట్టుకుంటున్న కారు ఒకే మోడలు. దాని కోసమే ఆ జతని కంపెనీ కాగితం కూడా విప్పకుండా దాచుకున్నాడు. ఆదివారాలు బయటికి తీసి చూపిస్తాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. భర్తకి అది తెలుసు. అయినా ఏ మొహంతో అడుగుతాడు?

అన్నయ్య ఎవరూ అడక్కుండానే వెళ్ళి, బీరువా తెరిచి, ఆ పొట్లం తెచ్చి నేలమీద పెట్టి కాగితం చింపడం మొదలుపెట్టాడు.

"వద్దు బావా. ఇంకేదన్నా చూద్దాం" అన్నాడు భర్త. పచ్చ కారు గొడవ తరవాత తిన్నగా ఆడిన మొదటి మాట అది.

"కోసినప్పుడు ఉండాల్సింది ఆ బుద్ధి. జాకీ పట్టు" అన్నాడు అన్నయ్య.

ఇద్దరూ కారు కిందికి దూరారు. ఇంతలో సీట్లక్క మిషను ముందు కూర్చుని కొత్త దిండు మొదలుపెట్టింది. స్ప్రింగులెక్కాక ఆమెని సీటులో కూర్చోబెట్టి చూస్తే, అన్నయ్య పెట్టిన కంపెనీ సీటు ఎంత ముందుకి జరిపినా క్లచ్ మీద కాలు పూర్తిగా ఆనడం లేదు. సీటు పట్టాలు ముందుకి జరపాలి, కొత్తగా రంధ్రాలు వెయ్యాలి అన్నాడు భర్త, బావగారి వైపు బితుకుబితుకుమని చూస్తూ. కంపెనీవాడు వేసిన నేలరేకుకి రంధ్రాలు! అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. డ్రిల్లు తిరిగినంతసేపూ కళ్ళు తెరవలేదు గానీ, లైటు మాత్రం కదలకుండా పట్టుకున్నాడు. ఊడదీసిన అద్దం కూడా ఆయనే తెచ్చి బిగించాడు. చీకటి పడేలోపు పని తెమిలింది. ఎటు చూసినా ఆ కారు ఏ పార్టీకీ చెందేలా లేదు. సీట్లక్క కొత్త దిండు వేసుకుని కూర్చుంది. బానెట్ అంచు కనపడింది, దాని ముందు గేటు, గేటు బయట వీధి.

పరీక్ష పెట్టే ఆయన నవ్వు ఇంట్లో వదిలేసి వచ్చిన రకం. ముందుకి పొమ్మంటే పోయింది. ఆగమంటే ఆగింది. కర్రల మధ్యనుంచి వెనక్కి రమ్మన్నాడు. రెండద్దాల్లోనూ రెండు కర్రలూ స్పష్టంగా కనపడ్డాయి. మెల్లగా వచ్చి మధ్యలో ఆపింది. ఆయన మాట్లాడకుండా సంతకం గీకి, కాగితం చేతిలో పెట్టి, వెళ్ళమన్నట్టు తల ఊపాడు.

గేటు బయట బావలిద్దరూ కాచుకుని ఉన్నారు. కాగితం చూసి ఇద్దరి మొహాలూ విప్పారాయి. ఆ సంతోషంలోనే భర్త అలవాటుగా డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. ఈ వేళప్పుడు రద్దీ ఎక్కువ, జరుగు, నేను నడుపుతాను అన్నాడు. అటుపక్క అన్నయ్య ముందు సీటు తలుపు తీసేశాడు.

"ఇద్దరూ వెనక్కెక్కండి" అంది సీట్లక్క.

వెనక సీట్లో ఇద్దరూ మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా ముడుచుకుని, భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నారు. కారు పెద్ద రోడ్డెక్కింది. కాసేపటికి భర్త అటు కదిలీ ఇటు కదిలీ, వెనక ఇంత ఇరుగ్గా ఉంటుందా, ఇక్కణ్ణుంచి ఏమీ కనపడటం లేదేంటి అని గొణిగాడు.

"పెళ్ళయినప్పటినుంచీ నేను కూర్చున్నదక్కడే" అంది, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "మీరిద్దరూ ముందు కూర్చుని కార్ల గురించే మాట్లాడుకునేవాళ్ళు. ఏ బజారుకెళ్ళినా, ఏ ఊరెళ్ళినా నేను చూసింది మీ రెండు తలకాయలే."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది. వెనకనుంచి అన్నయ్య గొంతు వినిపించింది.

"ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

ఎదురుగా సిగ్నలు పడింది. సీట్లక్క మెత్తగా బ్రేకు వేసి, గీతకి కొంచెం ఇవతలే ఆపి, రెండద్దాలూ చూసుకుంది. ఆకుపచ్చ దీపం వెలగగానే క్లచ్ వదిలి, ఇంటివైపు కాకుండా డిపో వైపు తిప్పింది. ఎక్కడికి తీసుకెళ్తున్నావని వెనకనుంచి ఎవరూ అడగలేదు.