తుఫాను తీరం దాటుతోందట, చూసొద్దాం పదండి

తొంభైల్లో ఒక ఉదయం, గవర్నర్‌పేటలోని మా బట్టల కొట్లో రేడియో "తుఫాను బందరు దగ్గర తీరం దాటుతోంది" అంది. దాటడమంటే వెళ్లిపోవడమేగా, పూర్తిగా పోకముందే చూడాలని నాకు కాలు నిలవలేదు. పక్కకొట్టు కరీం భాయ్‌ని స్కూటరెక్కించుకుని బయల్దేరాను.

పామర్రు దాటామో లేదో, గాలి మమ్మల్ని తాటిచెట్టంత ఎత్తుకు లేపి పంటకాలువలో పడేసింది. నాకు ఈత రాదు. కరీం భాయ్ ఒక చేత్తో తుమ్మచెట్టునీ, రెండో చేత్తో నా కాలర్నీ పట్టుకున్నాడు.

"దాటిపోతోందన్నారు కదా భాయ్?" అన్నాను, నీళ్లు మింగుతూ.

"దాటిందండీ. సముద్రం దాటి మన మీదకే వచ్చింది. మాట్లాడకండి, చెయ్యి జారుతోంది."

మూడు యుగాలకు గాలి తగ్గింది. చొక్కా చిరిగింది గానీ ఆయన పట్టు వదల్లేదు. అప్పట్నుంచీ తుఫాన్లను తలుపులేసుకుని రేడియోలోనే చూస్తున్నాను.