బెంచీకి పనికొచ్చిన విద్యార్థి

అమలాపురంలో ఒక కాలేజీవాళ్ళు తమ ఫిలాసఫీ గ్రూపు నిలబెట్టుకోవడానికి నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. పరీక్షకు మాత్రం కూర్చోనివ్వలేదు. డెబ్భైల్లో అది అన్యాయం. ఇప్పటికీ అన్యాయమే.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టులో గుమాస్తాగా చేరి, లారీలకు కాయ ఎక్కించే పని చూసుకుంటూ, గ్రంథాలయంలో దొరికిందల్లా చదివాను. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. ఆత్మ, జగత్తు, కారణం, కార్యం అంటూ రాసిన పుస్తకాలంటే నాకు పిచ్చి. వాటిలో సగం అర్థమయ్యేది కాదు. ఆ సగం కోసం ఒకరోజు బస్సెక్కి వెళ్ళి, ఆ కాలేజీలో ఫిలాసఫీ చెప్పే మాస్టారిని కలిశాను. బీఏలో ఫిలాసఫీ ప్రధానంగా తీసుకున్నవాళ్ళు ఆ ఏడు నలుగురే ఉన్నారు. ఆయన నా సందేహం విని, జవాబు చెప్పకుండా, మధ్యాహ్నం క్లాసుకు వచ్చి కూర్చోమన్నారు.

మా షావుకారు గారు, లోడింగు ఎలాగూ సాయంత్రమే గనక వెళ్ళి రమ్మన్నారు. మా చర్చి పెద్దలు నేను పాస్టరు చదువు మొదలుపెట్టాననుకుని ప్రార్థన కూడా చేశారు. కాదని చెప్పబోతే, మరి ఏం చదువని అడిగారు.

కుర్రాళ్ళు నన్ను బాబాయిగారూ అనేవారు. ఒకనాడు మాస్టారు, ఈ బల్ల నిజంగా ఉందా, మనం చూస్తున్నాం గనక ఉందనుకుంటున్నామా అని అడిగారు. వెనక నుంచి ఒకడు, "బల్ల సంగతి తర్వాతండీ. ముందు బాబాయిగారు ఉన్నారో లేదో తేల్చండి. హాజరులో పిలవరు కదా మరి," అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

తర్వాత యూనివర్సిటీ నుంచి తనిఖీకి వస్తున్నారన్నారు. కనీసం ఐదుగురు లేకపోతే గ్రూపు తీసేస్తారట. ఆ రోజు మాస్టారు నన్ను ఇస్త్రీ చొక్కాతో రమ్మని, ముందు బెంచీలో కూర్చోబెట్టారు. వచ్చిన పెద్దమనిషి నన్నే లేపి ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నావని అడిగాడు. తెలిసిందనుకున్నది తెలియలేదని తెలుస్తోంది, అందుకని, అన్నాను. ఆయన సంతోషించి, ఇలాంటి విద్యార్థి ఒక్కడున్నా చాలన్నాడు. గ్రూపు నిలబడింది.

ప్రిన్సిపాల్ గారు యూనివర్సిటీకి ఒక్క ముక్క రాస్తే నేనూ పరీక్ష రాయవచ్చని ఎవరో చెప్పారు. ఆ ఒక్క ముక్క అడగమని మాస్టారిని బతిమాలాను. "అలాగేనండీ, చూద్దాం," అనేవారు. కాఫీ ఇప్పించేవారు. మా కోనసీమలో ఎవరూ ఎవరికీ మొహం మీద కాదనరు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ సత్యమేదో అసత్యమేదో విడదీసి చూపించే మనిషి కదా, ఆయన నోట అలాగే అంటే అలాగే అనుకున్నాను. చివరి ఏడాది పరీక్షలకు నలుగురు కుర్రాళ్ళూ లోపలికి వెళ్ళారు. నేను గేటు దగ్గర ఆగిపోయాను. ఆఫీసుకు వెళ్ళి ఫిలాసఫీ క్లాసువాణ్ణండీ అంటే, గుమాస్తా గారు ఎంతో మర్యాదగా, ఆ క్లాసులో ఉన్నది నలుగురేనండీ అన్నారు.

అక్కడే నా బుర్ర తిరిగిపోయింది. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడాన్ని అనుమాన ప్రమాణమంటారని మాస్టారే చెప్పారు. తనిఖీకి వచ్చినాయన బెంచీ మీద మనిషిని చూసి విద్యార్థి అనుకున్నాడు. అది తప్పా? నేను చదువుతూనే ఉన్నానే. తప్పు కాకపోతే పరీక్షనాటికి ఆ విద్యార్థి ఎక్కడికి పోయాడు? కాయలు ఎక్కిస్తూ ఇదే ఆలోచించేవాణ్ణి. లెక్క తప్పి కూలీలతో తిట్లు తిన్నాను. పుస్తకాలు వెతికాను. ఒకటి ఒకలా చెబితే ఇంకొకటి ఇంకోలా చెప్పింది. కోపం ఎవరి మీద పడాలో తెలియకపోవడం కోపం కంటే కష్టం.

ఎనభైల్లో, ఆ గ్రూపు ఎత్తేసిన తర్వాత, మాస్టారు కూతురి పెళ్ళికి కాయల కోసం మా కొట్టుకే వచ్చారు. తల నెరిసింది. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. నేను కుర్చీ వేసి, కాఫీ మాత్రం తెప్పించకుండా, ఆనాడు ప్రిన్సిపాల్ గారిని అడిగారా లేదా అన్నాను. ఆయన రాశిలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర ఊపి చూసి, కింద పెట్టారు.

"అడగలేదండీ. అడిగితే మీరు మా విద్యార్థి కాదని బయటపడేది. బయటపడితే గ్రూపు పోయేది, మీకు క్లాసూ ఉండేది కాదు. నేను అడగలేదు కాబట్టే కదండీ, మీరు అన్నాళ్ళు పాఠం విన్నారు?"